పట్టణీకరణ, చెదలు

చెద అనగానే మనకు గుర్తొచ్చేది ద్వారబంధం మీద పాకిన మట్టి చార, బీరువా అడుగున పొడిపొడిగా రాలిన పుస్తకం. ఆ గుర్తు అబద్ధం కాదు గాని, చెదల లోకంలో అది చాలా చిన్న మూల. ప్రపంచంలో ఇంతవరకు గుర్తించి పేరు పెట్టిన చెద జాతులు సుమారు 3,000. వాటిలో కట్టడాలకు గట్టి నష్టం చేసేవి 80 దాకా ఉంటాయి. పుట్టిన నేల విడిచి పరాయి చోట్ల స్థిరపడినవి 28 అని 2013లో థియోడర్ ఎవాన్స్, బ్రయన్ ఫోర్ష్లర్, కెన్నెత్ గ్రేస్ తమ సమీక్షలో తేల్చారు. 1969 నాటి లెక్కలో అవి 17. ఆ కొద్ది జాతుల వల్లే 2010 నాటికి ప్రపంచానికి ఏటా సుమారు 4,000 కోట్ల డాలర్ల భారం పడుతోందని, అందులో ఐదింట నాలుగు వంతులు భూగర్భ చెదల వల్లేనని మైకేల్ రస్ట్, సు నాన్-యావ్ అంచనా వేశారు. మిగిలిన వేల జాతులు ఎండుటాకునీ, ఎండు కట్టెనీ, మట్టిలో కలిసిన జీవపదార్థాన్నీ తిని, తిన్నదాన్ని నేలకు అప్పగించే పనిలో ఉన్నాయి. పట్టణాలు పెరిగితే చెదలు పెరుగుతాయా, తగ్గుతాయా అని అడిగితే సూటిగా జవాబు దొరకదు, ఎందుకంటే నగరం వాటిని జల్లెడ పడుతుంది. నేలకు పనికొచ్చేవి ఆ జల్లెడలో నిలవవు. మనిషి కట్టిన గూటిలో ఇమిడిపోయేవి నిలుస్తాయి, ఆ తరువాత మనిషి సామానుతోపాటే ఊరూరా తిరుగుతాయి. చెద బెడద ఎంతవరకు పురుగు స్వభావమో, ఎంతవరకు మనం ఊళ్లు కట్టే తీరో విడదీసి చూడాలంటే ఈ వడపోత ఎలా జరుగుతుందో తెలియాలి.

ఒకే అడవిలో పదుల జాతుల చెదలు కలిసి బతకగలగడానికి కారణం వాటి తిండి వేరువేరు కావడమే. కొన్ని గట్టి కట్టెను తింటాయి. కొన్ని బూజు పట్టి మెత్తబడ్డ దుంగలను వెతుక్కుంటాయి. కొన్ని ఆకులను, గడ్డిని కోసి గూటికి మోస్తాయి. ఇంకొన్నిటికి మట్టే ఆహారం. అందులో కుళ్లి కలిసిపోయిన జీవపదార్థాన్ని వాటి పొడవాటి పేగులు విడదీసి తీసుకుంటాయి. ఈ మట్టి తినే జాతులే అన్నిటికన్నా సున్నితమైనవి. వాటి మేని చర్మం పలచన, అవి తవ్వే దారులకు మెత్తని, తేమగల, నీడ ఉన్న నేల కావాలి. కామెరూన్‌లోని ఎంబల్‌మాయో అడవిలో చెట్ల గొడుగు తీసేసిన చోట మొట్టమొదట దెబ్బతిన్నవి ఇవేనని పాల్ ఎగల్టన్ బృందం 1990లలో చూపించింది. సుమత్రా దీవిలోని జాంబి ప్రాంతంలో డేవిడ్ జోన్స్, ఆయన సహచరులు 100 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న పట్టీలుగా నేలను కొలిచి, ఒకే పద్ధతిలో వెతికారు. ముట్టని అడవిలో 34 జాతులు దొరికాయి. కర్రపెండలం తోటకు వచ్చేసరికి మిగిలింది ఒక్కటి. ఇది నగరం కథ కాదు, సేద్యం కథ. ఆ తేడాను మరవకూడదు. అయితే తోటలో నేల ఇంకా నేలగానే ఉంటుంది. దాని మీద కాంక్రీటు పరిస్తే ఆ ఒక్క జాతికైనా ఎంత చోటు మిగులుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ నష్టం మనకు కంటికి కనపడదు, ఎందుకంటే పోయినవాటి పనిని మనం ఎప్పుడూ లెక్కకట్టలేదు. బోర్నియోలోని మలియావు లోయలో 2015–16 ఎల్ నినో కరువు వచ్చినప్పుడు పరిశోధకులు కొన్ని చోట్ల చెదలను తగ్గించి, కొన్ని చోట్ల వదిలేసి పోల్చి చూశారు. వదిలేసిన చోట కరువులో చెదల సంఖ్య రెండింతలకు మించి పెరిగింది. ఆకులు త్వరగా మగ్గాయి, నేలలో తేమ నిలిచింది, మొలకలు ఎక్కువగా బతికాయి. మన వైపు ఇదే పనిని చేసేది ముఖ్యంగా ఒడొంటోటెర్మిస్ ప్రజాతి. నాగుల చవితికి పాలు పోసే పుట్ట పాము కట్టినది కాదు, ఈ చెదలు కట్టినది. అవి పుట్ట లోపల ఆకుల, కట్టెల పిప్పితో గూళ్లు అల్లి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని పెంచి, దాన్ని తింటాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రం పుట్ట మీద గొడుగై లేస్తుంది. తెలుగులో ఆ జాతి మొత్తానికీ పుట్టగొడుగు అనే పేరు రావడం వెనుక ఎంత నిశితమైన గమనింపు ఉందో! తొలకరికి దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు కూడా ఈ పుట్టల నుంచి ఎగిరి వచ్చే రెక్కల చెదలే. పల్లెల్లో వాటిని పట్టి వేయించి తినే అలవాటు తరాలుగా ఉంది. లేఅవుటు కోసం పొలాన్ని చదును చేసినప్పుడు ముందు పోయేది పై మట్టి, దానితో పుట్ట, ఎండు కట్టె, ఆకు చెత్త. వాటి బదులు మొరం, సిమెంటు వస్తాయి. ఇంత జరిగినా ఒడొంటోటెర్మిస్ పూర్తిగా పోదు. రోడ్ల పక్క చెట్ల మొదళ్ల మీద మట్టి పూత పూసి, దాని చాటున చచ్చిన బెరడును గీకి తింటుంది. చెట్టును చంపేస్తోందని చాలామంది భయపడతారు గాని, అక్కడ అది తినేది చాలావరకు చెట్టు ఎలాగూ వదిలేసే పొట్టునే.

మరి జల్లెడలో నిలిచేవి ఎలాంటివి? ఎవాన్స్ బృందం లెక్కించిన 28 జాతులకు మూడు లక్షణాలు ఉమ్మడిగా కనిపిస్తాయి. అవి కట్టె తింటాయి. తినే కట్టెలోనే గూడు పెట్టుకుంటాయి. రాణి లేకపోయినా కొత్త రాణులను, రాజులను తేలికగా తయారు చేసుకుంటాయి. ఈ మూడో లక్షణం దగ్గర కాస్త ఆగాలి. పుట్ట కట్టే జాతుల్లో రాణి గదిలో ఉన్న రాణి మీదే సంసారమంతా నడుస్తుంది. రాణి దూరమైన కొన్ని వందల కూలి చెదలు వేరే చోటికి చేరినా ఎక్కువ కాలం బతకలేవు. కట్టెలో ఉండే జాతుల్లో అలా కాదు. గూటి నుంచి ఒక ముక్క విరిగి విడిపోతే, ఆ ముక్కలోని ఎదగని చెదల్లో కొన్ని సంతానం కనే రూపానికి మారిపోతాయి. అంటే ఒక పాత పెట్టె, ఒక కుర్చీ కాలు, ఒక పూలకుండీ అడుగు చెక్క, ఏదైనా సరే, కొత్త సంస్థానానికి విత్తనం కావచ్చు. అడవిలో ఈ గుణం ఏటి వరదకు కొట్టుకుపోయిన దుంగకు మాత్రమే పనికొచ్చి ఉంటుంది. సామాను కట్టి, విప్పి, మళ్లీ కట్టే నగరంలో అది రోజూ పనికొస్తుంది. నీళ్ల సంగతి కూడా అంతే. భూగర్భ చెదలకు తేమ కోసం నేలతో సంబంధం తప్పనిసరి అని పాఠ్య పుస్తకాలు చెబుతాయి. కాని కారే పైపు, ఎండని టెర్రస్, చెమ్మగిల్లే గోడ ఉన్న భవనంలో కాప్టోటెర్మిస్ ప్రజాతి చెదలు నమిలిన చెక్కను, మట్టిని, మలాన్ని కలిపి గోడ బోలులోనే గూడు కట్టేసుకుంటాయి. అప్పుడు నేలలో మందు పోసినా అది వాటికి తగలదు.

ఈ వాదనకు ఆధారంగా నిలిచే మొదటి కథ ఫార్మోసా చెద, అంటే కాప్టోటెర్మిస్ ఫార్మోసానస్. దక్షిణ చైనా, తైవాన్ దాని పుట్టిల్లు. 20వ శతాబ్దం తొలినాళ్లలో హొనలులులో కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పసిఫిక్ నుంచి తిరిగొచ్చిన సైనిక సామాను, దాన్ని మోసిన చెక్క పెట్టెలు దాన్ని అమెరికా ఖండపు ఓడరేవులకు చేర్చాయి. 1965లో హ్యూస్టన్ నౌకాశ్రయంలో గుర్తించేసరికి అది అప్పటికే పాతుకుపోయి ఉంది. రేవు నుంచి లోపలి ఊళ్లకు ఎలా వెళ్లిందన్నది మరీ ఆలోచించాల్సిన విషయం: పట్టాల కింద వాడి తీసేసిన కొయ్య స్లీపర్లను ఇళ్ల తోటల్లో గట్లకు, మెట్లకు పెట్టుకునే అలవాటు దాన్ని వందల మైళ్లు మోసుకుపోయింది. న్యూ ఆర్లియన్స్‌లోని ఫ్రెంచ్ క్వార్టర్ పాత చెక్క ఇళ్లు, వీధి ఓక్ చెట్లు దానికి పండగయ్యాయి. 1998లో అమెరికా వ్యవసాయ శాఖ అక్కడ పేటనంతా ఒకటిగా పట్టి చెద నివారణ పథకం మొదలుపెట్టింది, ఎందుకంటే ఒక ఇంట్లో తరిమితే పక్క ఇంటికి పోతుంది. ఆ నగరపు వరద గోడల అతుకుల్లో చెరకు పిప్పితో చేసిన పూరక పదార్థాన్ని కూడా చెదలు తిన్నాయని గ్రెగ్ హెండర్సన్ 2008లో రాశారు. 2005 కత్రినా తుఫానుకు ఆ గోడలు కూలడంలో వాటి పాత్ర ఎంతన్నది ఆయన ప్రశ్నగానే వదిలారు, అలా వదలడమే సరైనది. హ్యూస్టన్, డాలస్‌లలో ఇళ్లు కొనే తెలుగు కుటుంబాలకు చెద తనిఖీ పత్రం ఇప్పుడు మామూలు కాగితాల్లో ఒకటి. చెక్క చట్రాలతో కట్టే అక్కడి ఇళ్లకు అది ఉత్త లాంఛనం కాదు.

రెండో కథ ఎదురు దిక్కున నడిచింది. ఉత్తర అమెరికా తూర్పు అడవుల చెద రెటిక్యులిటెర్మిస్ ఫ్లావిపెస్‌కు 1837లో శాస్త్రీయ నామం పెట్టినది విన్సెంట్ కొల్లార్. ఆయన ఆ నమూనాను పట్టుకున్నది అమెరికాలో కాదు, వియన్నాలోని షోన్‌బ్రున్ రాజప్రాసాదపు గాజు తోటల్లో. శాస్త్రం పేరు పెట్టకముందే సముద్రం దాటేసిన పురుగు అది. ఫ్రాన్స్ పశ్చిమ తీరపు లా రొషెల్‌లో అది ఇళ్లలోకి, దస్తావేజుల్లోకి జొరబడిన తీరును 1853లో కత్రుఫాజ్ వర్ణించారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దాన్ని చాలాకాలం తమ సొంత జాతి అనుకుని వేరే పేరుతో పిలిచారు. జన్యువులు పోల్చాక అది లూసియానా నుంచి వచ్చిన ఫ్లావిపెస్సేనని తేలింది. జర్మనీలోని హాంబర్గ్‌లో 1930ల నుంచీ ఉంది. భూమిలో వేసిన వేడినీటి గొట్టాలు చలికాలాన్ని దానికి వేసవిగా మార్చాయి. కెనడాలోని టొరంటోలో 1938లో దొరికింది. అంత ఉత్తరాన దాన్ని బతికిస్తున్నది చలికాలంలో వెచ్చగా ఉండే నేలమాళిగలు. ఇంకా లోతైన మార్పు దాని కుటుంబంలో జరిగింది. సొంత అడవిలో ఒక్కో గూడు పక్క గూటితో పొత్తు పెట్టుకోదు, చాలా గూళ్లలో ఒకే జంట ఉంటుంది. ఫ్రాన్స్ నగరాల్లో అవే చెదలు గూళ్లు కలుపుకుని, వందలాది రాణులతో, వీధుల పొడవునా సాగే పెద్ద సమాజాలుగా బతుకుతున్నాయి. ఫ్రాన్స్ 1999 జూన్ 8న చెదల మీద ప్రత్యేక చట్టమే చేసింది. చెద కనిపిస్తే పురపాలక కార్యాలయానికి తెలపాలి, ప్రభావిత ప్రాంతంలో ఇల్లు అమ్మాలంటే తనిఖీ నివేదిక చూపాలి.

పొడి కట్టె చెదల కథ ఇంకా సూటిగా ఉంటుంది. క్రిప్టోటెర్మిస్ బ్రెవిస్‌కు నేలతో పని లేదు, నీళ్లతో పని లేదు. ఒక కుర్చీ దానికి జీవితకాలపు ఇల్లు, తిండి. గసగసాల్లాంటి, ఆరు పలకల మల గుళికలు నేల మీద రాలితే గాని దాని జాడ తెలియదు. జమైకా నమూనాలతో 1853లో పేరు పొందింది కనుక వెస్ట్ ఇండీస్ చెద అన్నారు. దాని అసలు సొంతూరు పెరూ, చిలీ తీరపు ఎడారులని 2009లో రుడాల్ఫ్ షెఫ్రాన్ బృందం చెప్పింది. ఆ ఎడారుల్లో తప్ప మరెక్కడా అది ఆరుబయట దాదాపుగా కనిపించదు, భవనాల్లోనే కనిపిస్తుంది. ప్రపంచమంతా వ్యాపించినా నగరం తప్ప మరో నివాసం లేని పురుగు! పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో, ప్రపంచ వారసత్వ నగరమైన ఆంగ్రా దో ఎరోయిజ్మో చెక్క కప్పులను అది ఈ శతాబ్దంలో పాడు చేస్తోంది. దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవి 1840లలోనే ఇలాంటి పాఠం నేర్చుకుంది: పట్టుబడ్డ బానిసల ఓడను విడగొట్టి ఆ కలపను జేమ్స్‌టౌన్‌లో పెడితే, అందులోంచి వచ్చిన చెద కొన్నేళ్లలో ఊరిని గుల్ల చేసింది. ఫ్లోరిడాలో విహార నౌకలు నిలిపే రేవుల దగ్గరే కొత్త చెదల స్థావరాలు ఎక్కువగా మొదలవుతున్నాయని షెఫ్రాన్, హార్ట్‌విగ్ హోహ్‌మైర్ 2010లో పటాల మీద చూపించారు. ఓడ మారింది, పద్ధతి మారలేదు.

రెండు వలస జాతులు ఒకే నగరంలో కలిస్తే ఏమవుతుంది? మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ ప్రాంతంలో ఫార్మోసా చెదకు తోడు ఆగ్నేయాసియా చెద కాప్టోటెర్మిస్ జెస్ట్రోయి 1996లో చేరింది. స్వదేశాల్లో ఈ రెండింటి నెలవులు చాలావరకు వేరు. ఫ్లోరిడాలో వీటి ఉసిళ్లు ఎగిరే రోజులు కలిసిపోయాయి. 2015లో థామస్ షూవెంక్ బృందం రాసినదాని ప్రకారం, జెస్ట్రోయి మగవి సొంత జాతి ఆడవాటికన్నా ఫార్మోసా ఆడవాటినే ఎక్కువగా ఎంచుకున్నాయి. ప్రయోగశాలలో ఆ సంకర గూళ్లు రెండు మాతృజాతుల గూళ్లకన్నా వేగంగా పెరిగాయి. నగరం జాతులను ఏరడమే కాదు, కలుపుతోంది కూడా.

ఈ జల్లెడ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. నగరంలో కీటక శాస్త్రజ్ఞులు, చెద మందు కంపెనీలు, ఫిర్యాదు చేసే ఇంటివాళ్లు ఎక్కువ. కనుక అక్కడ బెడద జాతులు ఎక్కువగా కనిపించడం వెతుకులాట ఫలితం కావచ్చు. ఇందులో నిజం ఉంది. రేవు పట్టణాల్లో తొలి నమూనా దొరికిన సంవత్సరం చాలాచోట్ల ఆ పురుగు వచ్చిన సంవత్సరం కాదు. అయితే ఈ అభ్యంతరం ఎక్కువగా కనిపించడాన్ని వివరించగలదు గాని, మాయమవడాన్ని వివరించలేదు. సమాన శ్రమతో, సమాన కొలతలతో వెతికిన జాంబి, కామెరూన్ నేలల్లో మట్టి తినే జాతులు పడిపోయాయి, కట్టె తినేవి నిలిచాయి. వెతికేవాళ్ల సంఖ్య వల్ల ఆ క్రమం వచ్చి ఉండదు. పైగా బ్రెవిస్ లాంటి జాతి సొంతూరి బయట అడవుల్లో దాదాపు కనపడకపోవడం, వెతకనందువల్ల అని చెప్పడానికి ఇప్పుడు తావు తక్కువ.

కాంక్రీటు ఇళ్లు వస్తే చెద దానంతటదే తగ్గుతుందనేది మరో నమ్మకం, మన ఊళ్లలో బలంగా ఉన్నది. ఇక్కడ మన పరిస్థితిని వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే భారతదేశపు నగరాల్లో ప్రధాన బెడద వలస జాతుల వల్ల కాదు. కాప్టోటెర్మిస్ హైమీ, హెటిరోటెర్మిస్ ఇండికోలా, ఒడొంటోటెర్మిస్ జాతులు ఈ నేలవే. ఆ మేరకు, నగరం చెదను దూరం నుంచి తెస్తుందనే మాట ఇక్కడ అంతగా వర్తించదు. ఇక్కడ నగరమే పొలాల మీదికి, పుట్టల మీదికి నడిచి వెళ్తోంది. పాత ఇంటి టేకు దూలానికి సహజంగానే చెదను ఆపే నూనెలున్నాయి. కొత్త ఫ్లాటులో వాడేది ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు, చవక మెత్తకట్టె. అదీ గోడకు అతికించి, వెనుక గాలి తగలకుండా. సిమెంటు పలకలో వెంట్రుకవాసి పగులు, కరెంటు పైపు దిగిన రంధ్రం చాలు, చెద మట్టి గొట్టం పైకి వస్తుంది. పునాది దశలోనే నేలకు మందు వేసే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 వివరిస్తుంది. ఆ పని కాగితం మీద ఎంత బాగున్నా, మందు వేశాక మళ్లీ మట్టి తవ్వి పైపు వేస్తే అడ్డుగోడకు కన్నం పడినట్టే. కాంక్రీటు చెద తిండిని తగ్గించింది నిజమే. దాచిన తిండికి దాచిన దారి కూడా అదే ఇచ్చింది.

వేడెక్కుతున్న వాతావరణమే అసలు కారణమనే వాదనకు ఆధారాలు తక్కువేమీ కావు. ఏమీ జాన్నీ నాయకత్వంలో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు ఆరు ఖండాల్లో 130కి మించిన చోట్ల కట్టె ముక్కలు పెట్టి చూశారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చెదలు కట్టెను కనిపెట్టి తినే వేగం 6.8 రెట్లకు మించి పెరుగుతుందని 2022లో ప్రకటించారు. 13 ముఖ్య వలస జాతుల్లో 12 జాతుల విస్తీర్ణం 2050 నాటికి పెరుగుతుందని 2017లో గ్జెగోష్ బుచ్‌కోవ్‌స్కీ, క్లియో బెర్టెల్స్‌మయర్ లెక్కించారు. అయినా వెచ్చదనం తలుపు తెరుస్తుంది గాని, దాన్ని దాటించేది రవాణా. 2024లో ఎడ్వార్డ్ దుకేన్, డెనిస్ ఫోర్నియర్ నగరాల మధ్య రాకపోకలను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు, ఉష్ణమండలానికి బయట ఉన్న పారిస్, లండన్, న్యూయార్క్, టోక్యో లాంటి నగరాలు కూడా ముప్పు జాబితాలోకి వచ్చాయి. హాంబర్గ్, టొరంటో వాతావరణ మార్పు కోసం ఎదురుచూడలేదు. గొట్టాలతో, నేలమాళిగలతో తమ వెచ్చదనాన్ని ముందే తయారు చేసుకున్నాయి. నగరం, వాతావరణం ఇక్కడ ఒకే దిశలో తోస్తున్నాయి.

మందులున్నాయి కదా అన్నది చివరి అభ్యంతరం. నేలలో దశాబ్దాలు నిలిచే క్లోర్డేన్ అమ్మకాలు అమెరికాలో 1988లో ఆగిపోయాయి, దాన్ని మళ్లీ కోరుకునేవారు లేరు. సు నాన్-యావ్ కృషితో 1995 ప్రాంతంలో మార్కెట్‌కు వచ్చిన హెక్సాఫ్లుమురాన్ ఎర మంచి ముందడుగు. చెద పొట్టు విడిచేటప్పుడు కావలసిన కైటిన్ తయారీని అది ఆపుతుంది. గూడు మొత్తం తానే ఆ ఎరను పంచుకుని నశిస్తుంది. కాని మలేసియాలోని పెనాంగ్‌లో లీ చౌ-యాంగ్ తదితరులు మరో సంగతి గమనించారు. ఎరతో జెస్ట్రోయిని తీసేసిన ఇళ్లలోకి కొంతకాలానికి మాక్రోటెర్మిస్ గిల్వస్ లాంటి ఇతర చెదలు వచ్చాయి, అవి ఆ ఎరను సరిగా ముట్టలేదు. ఒక్క జాతిని గురిపెట్టిన మందు ఆ చోటును ఖాళీ చేసింది, ఖాళీ మరో జాతికి పోయింది. చుట్టూ జాతుల కూర్పు చెడిపోయిన నగరంలో ఒక పురుగును తీసేయడం ఆ కూర్పును బాగు చేయదు.

అందుకే మందుకన్నా రేవులో, గోదాములో తీసుకునే జాగ్రత్తకు ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. దేశాలు దాటే చెక్క పెట్టెలను, పలకలను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడం లాంటి శుద్ధి చేయాలనే అంతర్జాతీయ నియమం 2002 నుంచి ఉంది. అది పెట్టెలకు వర్తిస్తుంది గాని, పాత మేజా బల్లకు, పడవ చట్రానికి, మట్టితో వచ్చే మొక్క కుండీకి వర్తించదు, చెద ఎక్కువగా ఎక్కేది వాటినే. ఇంత చెప్పినా ఒక్క గూడు విలువ ఎంతో ఇంగ్లండ్ నేర్చుకున్నంత స్పష్టంగా మరెవరూ నేర్చుకోలేదు. డెవన్ తీరంలోని సాంటన్ గ్రామంలో 1994లో ఒక బంగళా కింద, ఐరోపా జాతి రెటిక్యులిటెర్మిస్ గ్రాస్సీ దొరికింది. ఎర పెట్టి, నేలను గమనించి, మళ్లీ తనిఖీ చేసి, ఆ చిన్న ప్రాంతంలో చెద ఇక లేదని ప్రభుత్వం ప్రకటించగలిగింది 2021లో.